డబుల్ బ్యారెల్ షాట్‌గన్ బిగుసుగా ఉందా? ఇంట్లోనే యాక్షన్ ఫ్రీ చేసుకోవడం ఎలా

కొత్త డబుల్ బ్యారెల్ కొన్నవాళ్లదీ, ఏళ్ల తరబడి కేసులో పడి ఉన్న పాతదాన్ని బయటికి తీసినవాళ్లదీ ఒకటే ఫిర్యాదు. తెరవాలంటే మోకాలికి ఆనించి వంచాల్సి వస్తుంది. తుపాకిని తెరవడానికి పైన ఉండే మీట, అంటే టాప్ లివర్, బొటనవేలికి లొంగదు. మూసేటప్పుడు చివరి అంగుళంలో ఆగిపోతుంది. తుపాకిని తెరిచి, మూసి, తాళం వేసే ఈ యంత్రాంగాన్నే యాక్షన్ అంటారు. ఇలాంటప్పుడు చాలామంది చెయ్యి ముందు ఉప్పు కాగితం మీదికి వెళ్తుంది. మీరు దాన్ని కాసేపు పక్కన పెట్టండి. డబుల్ బ్యారెల్‌లో బిగువు అంతా ఒక్కచోట నుంచి రాదు. అందులో కొంత మురికి, కొంత స్ప్రింగుల బరువు, కొంత తయారీలో మిగిలిన గరుకు. ఇంకొంత మాత్రం తుపాకి చేసినవాడు కావాలనే ఉంచిన బిగువు. మొదటిదాన్ని తీసేయాలి, మూడోదాన్ని కొంచెం తగ్గించవచ్చు, మిగతా రెండింటి జోలికి పోకూడదు. ఏది ఏదో తేల్చుకోవడమే ఈ పనిలో సగం.

ముందు ఖాళీ చేయండి

తుపాకి తెరిచి, రెండు గొట్టాల్లోకీ వెలుతురులో చూడండి. తర్వాత వేలు పెట్టి చూడండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి తలుపు వేయండి, పని చేసే బల్ల మీద ఒక్కటి కూడా ఉండకూడదు. పరీక్షకు కావాల్సింది స్నాప్ క్యాప్స్, అంటే ప్రైమర్ (తూటాకు నిప్పంటించే బిళ్ల) ఉండే చోట మెత్తటి దిండు ఉన్న ఉత్తుత్తి తూటాలు. మీ బోరుకు (గొట్టం లోపలి వెడల్పుకు) సరిపోయేవి ఒక జత తెచ్చుకోండి. ఖాళీ ఛాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) మీద ట్రిగ్గర్ నొక్కుతూ పోతే ప్రైమర్‌ను పొడిచే ఫైరింగ్ పిన్నులు విరిగే ప్రమాదం ఉంది, పాత తుపాకుల్లో మరీ ఎక్కువ. సొంత తుపాకి శుభ్రం చేసుకోవడం వేరు, భాగాలు మార్చడం, అరగదీయడం వేరు. రెండోదానికి కొన్ని దేశాల్లో అనుమతి కావాలి కాబట్టి మీ లైసెన్సు షరతులు ఒకసారి చదువుకోండి.

మిగతా సామాను చిన్నదే: కిరోసిన్ గానీ మినరల్ టర్పెంటైన్ గానీ, పాత టూత్ బ్రష్, నూలు గుడ్డలు, చెవిపుల్లలు, మంచి పలచటి మెషిన్ ఆయిల్, చిక్కటి గ్రీజు (మోలిబ్డినం కలిసినదైతే ఇంకా మంచిది), నల్ల పర్మనెంట్ మార్కర్, సన్నటి గట్టి సానరాయి, 800 నుంచి 1500 నంబరు వరకు ఎమిరీ పేపర్. కళ్లద్దాలు తప్పనిసరి. కిరోసిన్ పని కిటికీలు తీసి, మంటకు దూరంగా చేయండి.

బిగువు ఎక్కడుందో పట్టుకోండి

తుపాకిని ఖాళీగా పది సార్లు నెమ్మదిగా తెరిచి మూయండి. మొదటిసారి తెరిచినప్పుడే లోపలి హ్యామర్లు (తూటాను పేల్చే సుత్తులు) కాక్ అయిపోతాయి, అంటే వెనక్కి వెళ్లి పేల్చడానికి సిద్ధంగా నిలుస్తాయి. ఆ తర్వాత తెరిచినప్పుడల్లా మీ చేతికి తగిలేది దాదాపు ఒట్టి రాపిడి మాత్రమే. ఆ స్పర్శ గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు స్నాప్ క్యాప్స్ పెట్టి, మూసి, సురక్షితమైన దిక్కుకు గురిపెట్టి రెండు ట్రిగ్గర్లూ నొక్కండి. ఒకే ట్రిగ్గర్ ఉన్న తుపాకి అయితే, రెండో హ్యామర్‌కు మారడానికి దానికి వెనక్కి తన్నే తోపు కావాలేమో చూసుకోండి. ఇప్పుడు మళ్లీ తెరవండి. ఈసారి అదనంగా తగిలిన బరువు హ్యామర్లను ముందుకు తోసే మెయిన్‌స్ప్రింగులది.

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. 1875లో బర్మింగ్‌హామ్‌లో ఆన్సన్, డీలీ అనే తుపాకి నిపుణులు పేటెంట్ తీసుకున్న బాక్స్‌లాక్ (హ్యామర్లు యాక్షన్ లోపలే ఉండే తుపాకి) నుంచీ ఎక్కువ తుపాకుల్లో పద్ధతి ఇదే. గొట్టాలు కిందికి వాలుతూ మీటల్ని తొక్కుతాయి, ఆ మీటలు హ్యామర్లను వెనక్కి లాగి స్ప్రింగులను కుదిస్తాయి. ఆ శ్రమ మీరు పడాల్సిందే. ఖాళీ తూటాలను బయటికి విసిరే ఎజెక్టర్లు ఉన్న తుపాకిలో పేల్చిన తర్వాత మూసేటప్పుడు కూడా బరువు తెలుస్తుంది, ఎందుకంటే ఎజెక్టర్ స్ప్రింగులు అప్పుడే మళ్లీ బిగుస్తాయి. కాబట్టి కాక్ అయి ఉన్నప్పుడు తేలిగ్గా తెరుచుకుని, ట్రిగ్గర్ నొక్కాక మాత్రమే బరువుగా ఉంటే, మీ తుపాకిలో జబ్బేమీ లేదు. కాస్త గ్రీజు రాసి, వాడుతూ పొండి. రెండు స్థితుల్లోనూ ఒకేలా పట్టేస్తుంటేనే అసలు పని ఉంది.

ఇంకో సందర్భం. ఖాళీగా ఉన్నప్పుడు హాయిగా కదులుతుంది, నిజం తూటాలు పేల్చాకే తెరుచుకోదు. అప్పుడు తప్పు యాక్షన్‌ది కాకపోవచ్చు, ఛాంబర్‌లో చూడాలి. ఆ సంగతి కింద చెబుతాను.

పని మొదలుపెట్టే ముందు రెండు ఫొటోలు తీసుకోండి. ఒకటి, మూసి ఉన్నప్పుడు టాప్ లివర్ ఎక్కడ ఆగిందో పైనుంచి. కొత్త తుపాకిలో అది మధ్యగీతకు కొంచెం కుడివైపు ఆగుతుంది. తాళం వేసే బోల్టు అరిగేకొద్దీ మధ్యకు వస్తుంది, తర్వాత ఎడమకు పోతుంది. రెండోది, మూసిన తుపాకిని పక్కనుంచి వెలుతురుకు ఎదురుగా పట్టి, గొట్టాల వెనక అంచు వచ్చి ఆనే నిలువు గోడ దగ్గర సందు ఉందా అని. తర్వాత ఫోరెండ్ (గొట్టాల కింద చేత్తో పట్టుకునే చెక్క భాగం) తీసి, గొట్టాలు మూసే ఉంచి, ఒక చేత్తో పిడి, ఇంకో చేత్తో గొట్టాలు పట్టుకుని అటూ ఇటూ కదపండి. ఫోరెండ్ ఉన్నంతసేపూ దాని పట్టు వల్ల లూజు బయటపడదు, అందుకే తీసి చూడాలి. టకటకమని ఆడితే ఆ తుపాకి ఇప్పటికే అరిగిపోయింది. దాన్ని ఇంకా నున్నగా చేయడానికి ప్రయత్నించకండి, గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) దగ్గరికి తీసుకెళ్లండి.

విప్పి కడగండి

హ్యామర్లు కాక్ అయి ఉండగానే ఫోరెండ్ తీసి, గొట్టాలు వేరు చేయండి. వేరు చేశాక ట్రిగ్గర్ ముట్టుకోకండి. గొట్టాలు లేకుండా హ్యామర్లు పడిపోతే కాకింగ్ మీటలు అడ్డం తిరిగి, మళ్లీ గొట్టాలు ఎక్కించడం పెద్ద తలనొప్పి అవుతుంది. ఇక్కడే జనం బలం ఉపయోగించి ఫోరెండ్ చెక్క పగలగొట్టుకుంటారు.

గొట్టాల కింద ఇనుప దిమ్మలుంటాయి, లంప్స్ అంటారు. పక్కపక్క గొట్టాల తుపాకిలో ముందు దిమ్మకు అర్ధచంద్రాకారంలో కొక్కెం ఉంటుంది. అది యాక్షన్‌లోని హింజ్ పిన్ మీద తిరుగుతుంది. ఒకదాని మీద ఒకటి ఉండే గొట్టాల్లో బ్రౌనింగ్ పద్ధతిలో పూర్తి వెడల్పు పిన్ అడుగున ఉంటుంది, బెరెట్టా పద్ధతిలో పక్కల్లో రెండు బొడిపెలుంటాయి. మీది ఏదైనా సరే, ఈ తిరిగే చోట, యాక్షన్ ముందు గుండ్రటి అంచున, ఆ అంచును కరుచుకునే ఫోరెండ్ ఇనుములో ఉన్న పాత గ్రీజు మొత్తం తీయాలి. అది సాధారణంగా నల్లగా, ఇసుక కలిసినట్టు ఉంటుంది. నిజంగానే అందులో దుమ్ము, ఇనుప పొడి ఉంటాయి. ఈ ముద్దను అలాగే ఉంచి పైన కొత్త గ్రీజు రాస్తే, మీరే తిరగలికి పిండి పోసినట్టు.

కొత్త తుపాకులకు ఫ్యాక్టరీలో తుప్పు పట్టకుండా పూసే మైనం లాంటి నూనె ఇంకో దోషి. కిరోసిన్‌లో ముంచిన బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, మళ్లీ రుద్దండి. గుడ్డ తెల్లగా వచ్చేవరకు. కిరోసిన్ చెక్కకు తగలనివ్వకండి. యాక్షన్ శరీరాన్ని తలకిందులుగా పట్టి పని చేస్తే ద్రవం స్టాక్ (భుజానికి ఆనించే చెక్క) వైపు కారదు.

ఎక్స్‌ట్రాక్టర్ కింద చూడటం మరచిపోవద్దు. గొట్టాల వెనక తూటా అంచును పట్టి బయటికి తోసే ఆ పలక కింద కాలని గన్‌పౌడర్ గింజ ఒకటి ఇరుక్కున్నా పలక పూర్తిగా కూర్చోదు. అప్పుడు తుపాకి మూసేటప్పుడు చివర్లో పట్టేస్తుంది. "యాక్షన్ టైట్" అని వచ్చే తుపాకుల్లో చాలావాటికి మందు ఇంతే. చెవిపుల్లతో ఆ సందు తుడవండి. స్క్రూ తీసి ఎక్స్‌ట్రాక్టర్ బయటికి లాగగలిగితే దాని కాడను, కాడ దూరే రంధ్రాన్ని కూడా శుభ్రం చేసి, కాడకు చుక్క నూనె రాయండి. స్ప్రింగు ఉన్న ఎజెక్టర్ అయితే విప్పకండి. విప్పక తప్పకపోతే మీద గుడ్డ కప్పి విప్పండి, లేకపోతే స్ప్రింగు ఎగిరి ఎక్కడ పడుతుందో దేవుడికే తెలుసు.

స్క్రూల గురించి ఒక మాట. తుపాకి స్క్రూల గాళ్లు చాలా సన్నగా, నిలువు గోడలతో ఉంటాయి. మామూలు స్క్రూ డ్రైవర్ మొన కొసకు పోనుపోను సన్నబడుతుంది కాబట్టి గాడిలోంచి పైకి జారి తల చీరేస్తుంది. గాడికి అచ్చంగా సరిపోయేలా మొన సమాంతరంగా చేసిన డ్రైవర్ లేకపోతే ఏ స్క్రూ జోలికీ వెళ్లకండి. తీసిన ప్రతి స్క్రూనూ, అది ఎక్కడిదో గీసుకున్న అట్ట ముక్కలో గుచ్చండి. మంచి తుపాకుల్లో ఒకే సైజులా కనిపించే రెండు స్క్రూలు కూడా ఒకదాని చోట ఒకటి పట్టవు.

టాప్ లివర్ మాత్రమే మొండికేస్తుంటే, దాని ఇరుసులో నూనె ఎండి జిగురైందని అర్థం. గొట్టాలు తీసి ఉన్నప్పుడు చాలా తుపాకుల్లో లివర్ కుడివైపు ఆగిపోతుంది, అది లోపం కాదు. ఇరుసు చుట్టూ, తాళం బోల్టు జారే గాడిలో కిరోసిన్ ఒకటి రెండు చుక్కలు వేసి, పది నిమిషాలు ఆగి, లివర్ అటూ ఇటూ ఆడించి, తుడిచి, పలచటి నూనె ఒక్క చుక్క వేయండి. లివర్ స్ప్రింగును వంచి మెత్తబరిచే ఆలోచన వద్దు. పేలినప్పుడు బోల్టును గాడిలో నిలబెట్టేది ఆ స్ప్రింగే.

గ్రీజు రాసి మళ్లీ చూడండి

ఇనుము మీద ఇనుము బరువుగా జారే చోట గ్రీజు, చిన్న ఇరుసుల్లో నూనె, ఫైరింగ్ పిన్ రంధ్రాల్లో ఏదీ వద్దు. కొక్కెం లోపలి వంపులో, హింజ్ పిన్ మీద, యాక్షన్ ముందు గుండ్రటి అంచు మీద, దిమ్మల పక్క గోడల మీద పలచగా పూయండి. కాకింగ్ మీటల మొనలను ఎవరూ పట్టించుకోరు కానీ అన్నిటికన్నా ఎక్కువ ఒత్తిడి పడేది అక్కడే, వాటికి కొంచెం దిట్టంగా పెట్టండి. పూసిన గ్రీజు కంటికి పొరలా కనిపించాలి, ముద్దలా కాదు. ఎక్కువైతే దుమ్ము పట్టుకుంటుంది. నూనె ఎక్కువైతే స్టాక్ తలలోకి (యాక్షన్‌కు ఆనే కొసలోకి) ఇంకి, చెక్క మెత్తబడి, చివరికి చీలుతుంది. పాత తుపాకుల స్టాక్ తల నల్లగా ఉండటానికి చాలాసార్లు కారణం ఇదే. నూనె వేసిన రోజు తుపాకిని మూతి కిందికి ఉండేలా ఆనించి పెట్టండి.

ఇప్పుడు కూర్చుని తెరవడం, మూయడం మొదలుపెట్టండి. వంద సార్లు, రెండు వందల సార్లు, మణికట్టుతో విదిలించకుండా, మూసేటప్పుడు స్టాక్‌ను గొట్టాల వైపు లేపుతూ. మధ్యలో ఆపి గ్రీజు తుడవండి. బూడిద రంగులో వస్తే లోపలి గరుకు ఒరుసుకుపోతోందన్నమాట. తుడిచి కొత్తది రాయండి. కొత్త తుపాకిలో నాలుగైదు రోజులు ఇలా చేస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. నా లెక్కలో ఎక్కువ తుపాకుల పని ఇక్కడితో అయిపోయినట్టే. దీన్ని తొందర చేయడానికి ఇంజన్ వాల్వులకు వాడే గ్రైండింగ్ పేస్ట్ హింజ్‌లో రాయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వినకండి. ఆ పేస్ట్‌కు ఎక్కడ ఆగాలో తెలియదు. పిన్నునూ కొక్కేన్నీ రెండిటినీ తినేస్తుంది, గొట్టాలు నిలువు గోడ నుంచి ముందుకు జరుగుతాయి, సందు వస్తుంది. ఆ సందు పూడ్చడం ఖరీదైన పని.

ఇంకా ఎక్కడో గీసుకుంటుంటే

గ్రీజు పూర్తిగా తుడిచేయండి. దిమ్మల పక్కలు, గుండ్రటి అంచు, ఫోరెండ్ ఇనుము లోపలి వంపు, వీటికి మార్కర్‌తో నల్లగా రంగు వేయండి. ఆరాక తుపాకి బిగించి రెండు మూడు సార్లు మాత్రం తెరిచి మూసి, మళ్లీ విప్పండి. గన్‌మేకర్లు ఇదే పనికి దీపం మసి పట్టిస్తారు, ఇంట్లో మార్కర్ చాలు.

ఇప్పుడు గుర్తులు చదవాలి. విశాలంగా, సమంగా రంగు పోయిన చోటు మంచి ఆనిక. దాన్ని ముట్టుకోకూడదు, తుపాకిని పట్టి ఉంచేది అదే. మీరు వెతకాల్సింది సన్నటి గీత, లేదా అంచున ఒక చుక్క. అక్కడ గోరు పెట్టి లాగితే చిన్నగా తగులుతుంది. మిషన్ కోతలో గానీ, దెబ్బ తగిలి గానీ అంచున లేచిన ఇనుప పొర అది, వర్క్‌షాపుల్లో బర్ అంటారు. దాని మీద మాత్రమే సానరాయి పెట్టండి. చుక్క నూనె వేసి, భాగం కదిలే దిశలోనే, నాలుగు గీతలు గీసి ఆపండి. తుడిచి, రంగు వేసి, మళ్లీ పరీక్షించండి. గోరుకు తగలకపోతే అయిపోయినట్టే, మెరవాల్సిన అవసరం లేదు.

దిమ్మల పక్క గోడల మీద మిషన్ గీతలు బాగా గరుకుగా ఉంటే 1000, తర్వాత 1500 నంబరు కాగితం వాడవచ్చు. కాగితం వెనక చదునైన ఇనుప పట్టీ ఉండాలి. వేలితో నొక్కి రుద్దితే అంచులు గుండ్రమైపోతాయి. కరెంటుతో తిరిగే గ్రైండర్ అసలు తేవద్దు. యాక్షన్ శరీరాలు చాలావరకు పైపొర మాత్రమే గట్టిపరిచినవి. లోపలి ఇనుము మెత్తన. ఆ పైపొర దాటి అరిగిందంటే, కింది మెత్తటి ఇనుము ఒకదానికొకటి అంటుకుని చీరుకుంటుంది, తుపాకి మొదటికన్నా బిగుసుకుంటుంది.

రాయి గానీ కాగితం గానీ పెట్టకూడని చోట్లు ఇవి: కొక్కెం లోపలి వంపు, హింజ్ పిన్, తాళం బోల్టు, అది దూరే గాళ్లు, గొట్టాల వెనక ముఖం, నిలువు గోడ. కాకింగ్ మీటల మొనల్లో గరుకు తుడవచ్చు కానీ పొడవు తగ్గకూడదు. వెంట్రుకవాసి తగ్గినా ఒక హ్యామర్ కాక్ కాకుండా మిగిలిపోతుంది, ఆ గొట్టం పేలదు. మెయిన్‌స్ప్రింగు చుట్లు కత్తిరించడం కూడా ఇలాంటి తెలివే. తెరవడం తేలికవుతుంది, తూటాలు పేలడం మానేస్తాయి. ఇక హ్యామర్‌ను పట్టి ఉంచే సియర్, ట్రిగ్గర్, సేఫ్టీ: వీటిని ఇంట్లో నున్నగా చేయడం అనే మాటే లేదు. అక్కడ ఒక్క గీత తప్పినా తుపాకి దానంతటదే పేలుతుంది.

తూటా పట్టేస్తుంటే

పేల్చాక మాత్రమే తెరుచుకోని తుపాకికి ఛాంబర్ చూడండి. ప్లాస్టిక్ తూటాల నుంచి పొర అంటుకుని గట్టిపడి ఉంటుంది. బోరు కన్నా ఒక సైజు పెద్ద ఇత్తడి బ్రష్, సాల్వెంట్‌తో బాగా తిప్పండి. మొండిదైతే కడ్డీకి 0000 నంబరు ఉక్కు ఊలు చుట్టి, నూనె వేసి చేత్తో తిప్పండి. శుభ్రమైన ఛాంబర్‌లో కొత్త స్నాప్ క్యాప్ తన బరువుకే జారి కూర్చోవాలి. ఒక రకం తూటాలతోనే ఇబ్బంది ఉంటే ఇంకో రకం పేల్చి చూడండి. ఇత్తడి పూతతో ఉక్కు తల ఉన్న చవక తూటాలు ఛాంబర్ గోడను ఎక్కువ పట్టుకుంటాయి. గొట్టం మీద డమాస్కస్ (ఇనుము, ఉక్కు పట్టీలు మెలిపెట్టి చేసిన పాతకాలపు గొట్టం) అల్లిక గీతలు కనిపిస్తే ఇవేవీ చేయకముందే దాన్ని ప్రూఫ్ పరీక్షకు, అంటే గొట్టం బలం తేల్చే పరీక్షకు పంపండి, ఈ కాలపు తూటా అందులో పెట్టకండి.

పేల్చే ముందు

అన్నీ బిగించాక ఫొటోలు తీసి పాతవాటి పక్కన పెట్టండి. లివర్ ఎడమకు జరిగినా, నిలువు గోడ దగ్గర వెలుతురు గీత కొత్తగా కనిపించినా అక్కడితో ఆపి గన్‌స్మిత్‌కు ఇవ్వండి. ఫోరెండ్ తీసి మళ్లీ కదిపి చూడండి.

తర్వాత స్నాప్ క్యాప్స్ పెట్టి మూయండి. సేఫ్టీ వేసి రెండు ట్రిగ్గర్లూ గట్టిగా నొక్కి వదిలేయండి. సేఫ్టీ తీసినప్పుడు ఏ హ్యామరూ పడకూడదు. సేఫ్టీ తీసే ఉంచి, స్టాక్ అడుగును నాలుగైదు అంగుళాల ఎత్తు నుంచి రబ్బరు చాప మీద మూడు నాలుగు సార్లు తట్టండి. అప్పుడూ టక్‌మని వినిపించకూడదు. వినిపిస్తే ఆ తుపాకిలో తూటా పెట్టకండి. చివరగా రెండు ట్రిగ్గర్లు నొక్కి, తెరిచి, మళ్లీ మూసి నొక్కండి. రెండు వైపులా ప్రతిసారీ కాక్ అవుతున్నాయో లేదో ఇలా తేలుతుంది.

రేంజిలో మొదట ఒక్క గొట్టంలో ఒక్క తూటా, తర్వాత రెండో గొట్టంలో ఒక్కటి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే వెంటనే తెరవకండి. సురక్షితమైన దిక్కుకే పట్టి అర నిమిషం ఆగండి. ఖాళీ తూటాల ప్రైమర్ మీద పిన్ గుంట రెండు వైపులా ఒకేలా, మధ్యలో ఉందో లేదో చూడండి. రెండూ సరిగా ఉంటేనే జతగా నింపండి. ఇంటికొచ్చాక హింజ్ దగ్గర గ్రీజు తుడిచి చూడండి. ఇంకా బూడిద రంగు వస్తుంటే కొత్త గ్రీజు రాసి, వచ్చేసారీ ఇదే చేయండి. రంగు మారకుండా వచ్చినప్పటి నుంచి పది పన్నెండు పెట్టెల తూటాలకోసారి తుడిచి రాస్తే సరిపోతుంది, వానలోనో దుమ్ములోనో తిరిగిన రోజు మాత్రం అదే సాయంత్రం.